మనవడి పేరు అలెక్సంద్రోస్

ప్రశ్న: మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అల్లుడు గ్రీకు కుటుంబంలో పుట్టినవాడు. ఈ మధ్యే వాళ్ళకు మగపిల్లవాడు పుట్టాడు. పెద్ద మనవడికి తండ్రి తండ్రి పేరే పెట్టాలన్నది వాళ్ళ ఆచారమట, అందుకని అలెక్సంద్రోస్ అని పేరు ఖాయం చేశారు. వచ్చే నెలలో పిల్లవాడిని తీసుకుని వస్తున్నారు. బారసాల మా ఇంట్లోనే చేస్తాం. మా ఆడపడుచు "మన దేశం మీదికి దండెత్తి వచ్చినవాడి పేరా మనవడికి?" అని నలుగురిలో అనేసింది. మా మరిది మాత్రం "బాధపడకు వదినా, అది మన సుబ్రహ్మణ్యస్వామి పేరే, స్కందుడే సికందర్ అయ్యాడు" అని నన్ను ఓదార్చాడు. ఇందులో ఏది నిజం? ఆ పేరుకు అసలు అర్థమేమిటి, ఇంకా ఎవరెవరికి ఉంది? పళ్ళెంలో బియ్యం మీద దానిని తెలుగులో ఎలా రాయించాలి, నోరారా ఎలా పిలవాలి?
ఒక అమ్మమ్మ, సికింద్రాబాద్

సమాధానం: అమ్మగారికి నమస్కారం. మనవడు పుట్టిన ఇంట్లో సంతోషం నిండవలసిన సమయంలో ఒక పేరు గురించి మీ మనసు ఇలా నలగడం నాకు కష్టంగా తోచింది కనుక, మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా, నాకు నిశ్చయంగా తెలిసినంత మేరకు చెబుతాను. మీ ఆడపడుచు గారి మాటలో కొంత నిజం ఉంది గాని, ఆ పేరు చరిత్రలో అది చాలా చిన్న భాగం. మీ మరిది గారి మాట నిజం కాదు, అయితే ఆయన వెతికిన చుట్టరికం మాత్రం వేరే చోట, ఆయన ఊహించినదానికంటే దగ్గరగా, నిజంగానే ఉంది. మీ ఉత్తరం చివర మీరు రాసిన ఊరి పేరులో కూడా మీ మనవడి పేరే ఉంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు అర్థం. అలెక్సంద్రోస్ అన్నది రెండు గ్రీకు మాటలు కలిసిన సమాసం. మొదటిది 'అలెక్సెయిన్' అనే క్రియ. అడ్డుకోవడం, కీడును దరికి రానీయకుండా కాపాడడం అని దానికి అర్థం. రెండవది 'అనేర్', అంటే పురుషుడు. షష్ఠీ విభక్తిలో అది 'అంద్రోస్' అవుతుంది, సమాసాల్లోనూ ఆ రూపమే కనిపిస్తుంది. రెండూ కలిస్తే 'మనుషులను కాపాడేవాడు' అని అర్థం వస్తుంది. ఇప్పుడు ఈ రెండు మాటలనూ మన సంస్కృత పదాల పక్కన పెట్టి చూడండి. 'అనేర్' కు తోబుట్టువు మన 'నృ', 'నర' శబ్దం. 'అలెక్స్' కు తోబుట్టువు మన 'రక్ష్' ధాతువు. గ్రీకులో రెండు మాటల ముందూ ఒక 'అ' నిలిచింది, సంస్కృతంలో రెండు చోట్లా అది జారిపోయింది. గ్రీకు 'క్స' మనకు 'క్ష' అయింది. ఇక 'ల' ఉండవలసిన చోట 'ర' ఉండడం మనవాళ్ళకు కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. 'రలయోరభేదః' అని మన పండితులు ఏనాడో అన్నారు, ఒకే మూలం నుంచి వచ్చిన రఘు, లఘు అనే రెండు రూపాలూ సంస్కృతంలోనే పక్కపక్కన ఉన్నాయి. ఇది చెవికి ఒకేలా వినిపించిందని చేసిన పోలిక కాదు. ఇండో-యూరోపియన్ భాషలను పోల్చి చదివే శాస్త్రజ్ఞులు నిఘంటువుల్లో నమోదు చేసిన సంబంధం. కాబట్టి మీ మనవడి పేరును మాటకు మాటగా విడదీస్తే దొరికేది రక్ష, నర. మన సమాసంలో నరుడు ముందు వస్తాడు, రక్షించడం తరువాత వస్తుంది. గ్రీకు సమాసంలో ఆ వరుస తిరగబడింది, అంతే తేడా. అర్థం వరకే చూసుకుంటే మన 'నృపుడు' కూడా ఇలాంటి మాటే, నరులను పాలించి కాపాడేవాడు అని.

పండితులు దీనికి ఇంకొక అర్థం కూడా చెబుతారు. ఆ గ్రీకు క్రియకు కర్మగా వచ్చేది సాధారణంగా మనం అడ్డుకునే కీడు గనుక, 'ఎదిరి వీరులను నిలువరించేవాడు' అన్నదే మొదటి భావం కావచ్చునని వారి వాదం. వ్యాకరణం వారి పక్షాన కొంత ఉన్న మాట నిజమే. కాని శత్రువును గుమ్మంలో నిలువరించడమూ, ఇంట్లోవాళ్ళను కాపాడడమూ ఒకే పనికి రెండు వైపులు గనుక ఈ రెండు అర్థాలకూ మధ్య పెద్ద దూరం ఉందని నేను అనుకోను. ఆ ధాతువు నుంచి పుట్టిన మరి రెండు మాటలు చూస్తే దాని స్వభావం ఇంకా బాగా తెలుస్తుంది. కీడును తొలగించేవాడుగా అపోలో దేవుణ్ణి ఏథెన్స్ ప్రజలు 'అలెక్సికాకోస్' అని కొలిచారు. విషానికి విరుగుడు మందును గ్రీకు వైద్యులు 'అలెక్సిఫార్మకోన్' అన్నారు. దిష్టి తీయడానికీ, విషం దించడానికీ మనం ఏ భావంతో 'రక్ష' అంటామో అదే భావం. 'ప్రపంచాన్ని జయించినవాడు' అని ఈ పేరుకు అర్థం చెప్పేవాళ్ళు ఉన్నారు. అది ఒక మనిషి చేసిన పనిని పేరు మీదికి ఎక్కించి చెప్పడమే తప్ప, పేరులో జయమన్న మాటే లేదు.

పైగా ఆ మనిషి పుట్టేనాటికే ఈ పేరుకు దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ వయసు ఉంది. మనకు దొరికినంతలో దీని అతి పాత ఆనవాలు ఒక మగవాడిది కూడా కాదు. గ్రీసులోని మైసీనేలో దొరికిన ఒక మట్టి పలక మీద, క్రీ.పూ. 13వ శతాబ్దపు లిపిలో, మరికొందరు స్త్రీల పేర్లతో పాటు 'అ-రె-క-స-ద-ర' అని రాసి ఉంది. మన లిపిలాగే ఆ లిపిలోనూ ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క అక్షరం పలుకుతుంది, కాని అందులో ర, ల లకు వేరువేరు గుర్తులు లేవు, సంయుక్తాక్షరాలు రాసే వీలూ లేదు. అందుచేత రాయసగాడు అలెక్సంద్రా అన్న పేరును విడివిడి ముక్కలుగా అలా గీశాడు. అవి ఉన్న కట్టడం తగలబడినప్పుడు పచ్చి పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి గనుక అవి మన దాకా మిగిలాయి. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపి గుట్టు విప్పిన తరువాత ఆ పేరు మళ్ళీ చదవగలిగాం. ఆమె ఎవరో, ఏం చేసేదో ఎవరికీ తెలియదు. అయినా ఈ పేరు గురించి ఎవరు అడిగినా నేను మొదట తలుచుకునేది ఆమెనే.

ఇంచుమించు ఆ కాలానికే చెందిన మరొక ఆనవాలు ఇప్పటి తుర్కియేలో దొరికింది. హిట్టైట్ చక్రవర్తి రెండవ మువాతల్లి, విలుసా అనే రాజ్యానికి ప్రభువైన అలక్సందు అనే అతనితో క్రీ.పూ. 1280 ప్రాంతంలో ఒక సంధి చేసుకున్నాడు. విలుసా అంటే గ్రీకులు ఇలియోస్ అని పిలిచిన ట్రాయ్ నగరమేనని ఇప్పుడు చాలామంది పండితులు అంగీకరిస్తున్నారు. హోమర్ కావ్యంలో హెలెన్‌ను ఎత్తుకుపోయిన ట్రాయ్ రాజకుమారుడు పారిస్‌కు రెండవ పేరు అలెక్సంద్రోసే. ఇలియడ్‌లో కవి అతన్ని పారిస్ అని పిలిచినదానికంటే అలెక్సంద్రోస్ అని పిలిచినదే ఎక్కువ. సంధి పత్రంలోని ప్రభువూ కావ్యంలోని రాజకుమారుడూ ఒకరేనని చెప్పే ఆధారం లేదు, కాని ట్రాయ్‌కూ ఈ పేరుకూ ముడి పాతదని మాత్రం తెలుస్తుంది. పారిస్‌కు ఆ పేరు ఎలా వచ్చిందో గ్రీకులు ఒక కథ చెప్పుకున్నారు. పుట్టినప్పుడు అపశకునమని కొండ మీద వదిలేసిన ఆ పిల్లవాడు గొర్రెల కాపరుల మధ్య పెరిగి, మందల మీద పడ్డ దొంగలను తరిమికొట్టాడట; అందుకు మెచ్చి అతనికి అలెక్సంద్రోస్ అనే పేరు ఇచ్చారట. అంటే గ్రీకుల మనసులో ఈ పేరు మొదటిసారి సార్థకమైనది సింహాసనం మీద కాదు, గొర్రెల మంద దగ్గర.

ఇప్పుడు మీ ఆడపడుచు గారికి కోపం తెప్పించిన మనిషి దగ్గరికి వద్దాం. మాసిడోనియా రాజవంశంలో ఇది ఇంటి పేరంత మామూలుగా తిరిగిన పేరు. క్రీ.పూ. 5వ శతాబ్దపు తొలి భాగంలో పాలించిన మొదటి అలెగ్జాండర్ ఒలింపిక్ పోటీలకు వెళితే, గ్రీకులు కానివారికి ఇక్కడ చోటు లేదని తోటి ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పారనీ, అతను తన వంశమూలం రుజువు చేసుకుని బరిలోకి దిగాడనీ హెరొడోటస్ రాశాడు. మూడవ అలెగ్జాండర్, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని అలెగ్జాండర్, క్రీ.పూ. 356లో పెల్లాలో పుట్టేనాటికి అతని పెదతండ్రి పేరు అదే, మేనమామ పేరూ అదే. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి, ముత్తాత పేరు మునిమనవడికి తిరిగినట్టే తిరిగిన పేరును అతనూ పెట్టుకున్నాడు. ఆసియా మీదికి బయలుదేరినప్పుడు అతను ట్రాయ్‌లో ఆగితే, అదే పేరు గలవాడు కదా అని అక్కడివాళ్ళు పారిస్ వీణ చూపిస్తామన్నారట. అది తనకు అక్కరలేదనీ, వీరుల కీర్తిని పాడుకున్న అకిలీజ్ వీణ ఉంటే చూడాలని ఉందనీ అతను అన్నట్టు ప్లూటార్క్ రాశాడు. తన పేరు మోసిన తొలి ప్రసిద్ధుడి మీద అతనికి ఏమాత్రం ఆసక్తి లేదన్నమాట.

అతను తీబ్స్ నగరాన్ని నేలమట్టం చేశాడు, పెర్సెపొలిస్‌ను తగలబెట్టాడు, క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున మన పాఠాల్లో పురుషోత్తముడుగా చదువుకున్న పోరస్‌తో యుద్ధం చేశాడు, బియాస్ నది దగ్గర సైన్యం ఇక రానంటే వెనక్కి తిరిగాడు, 33వ ఏడు నిండకుండానే క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో చనిపోయాడు. ఆ దండయాత్రలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మీ ఆడపడుచు గారి నొచ్చుకోలును నేను తీసిపారేయను; ఆమెకు ఈ విషయంలో పాత తోడు కూడా ఉంది. పారశీకంలోని జొరాస్ట్రియన్లు తమ గ్రంథాల్లో అతన్ని 'గిజస్తగ్', అంటే శాపగ్రస్తుడు అని రాసుకున్నారు. కాని అదే పారశీకంలో 12వ శతాబ్దపు కవి నిజామీ గంజవీ అతన్ని జ్ఞానం కోసం వెతుకుతూ తిరిగిన రాజుగా, తత్త్వవేత్తగా చిత్రించి మహాకావ్యమే రాశాడు. ఒకే దేశంలో తిట్టూ దీవెనా రెండూ అయిన పేరును ఏదో ఒక్కదానికే కట్టిపడేయడం న్యాయం కాదని నాకు అనిపిస్తుంది.

ఆ పారశీక, అరబీ దేశాల్లోనే ఈ పేరు సికందర్‌గా మారింది. అరబీలో నామవాచకాల ముందు 'అల్' అనే ఉపపదం వస్తుందని మీరు వినే ఉంటారు. అలెక్సంద్రోస్ అన్న పేరు వినగానే అరబ్బులు మొదటి 'అల్' ను తమ ఉపపదమే అనుకున్నారు. దానిని విడదీస్తే మిగిలినదానిలో 'క్స' కాస్తా తిరగబడి 'స్క' అయింది, 'ఇస్కందర్' అయింది. అందుకే ఈజిప్టులో క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ కట్టించిన అలెగ్జాండ్రియాను వాళ్ళు ఇప్పటికీ అల్-ఇస్కందరియా అంటారు. పారశీకం ద్వారా మన దేశానికి వచ్చేసరికి అది సికందర్ అయింది. 1489 నుంచి 1517 వరకు ఢిల్లీని ఏలిన సికందర్ లోడీ పేరు అదే. స్కందుడి సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. గ్రీకులో ఉన్నది 'క్స' గాని 'స్క' కాదు. స్కంద శబ్దంతో పోలిక వచ్చింది ఆ అక్షరాలు పశ్చిమాసియాలో తిరగబడిన తరువాతే. స్కంద నామం మనకు అంతకంటే ఎంతో పాతది. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయం చివర, నారదుడికి ఉపదేశం చేసిన సనత్కుమారుణ్ణి స్కందుడని అంటారని ఉంది. కాబట్టి స్కందుడు సికందర్ కాలేదు, కొందరు వాదించే విధంగా సికందర్ స్కందుడూ కాలేదు. మీ మరిది గారితో ఈ మాట నెమ్మదిగా చెప్పండి. సుబ్రహ్మణ్యస్వామి చుట్టరికం పోయినా రక్ష, నర శబ్దాల చుట్టరికం ఉందని చెబితే ఆయన తప్పక సంతోషిస్తారు.

ఇక మీ ఊరు. నిజాం రాజ్యంలో ఆంగ్లేయ సైన్యం విడిది చేయడానికి 1798లో ఒప్పందం కుదిరింది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలసిన ఆ సైనిక పట్టణానికి 1806లో, అప్పుడు గద్దె మీద ఉన్న మూడవ నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. 'జా' అంటే పారశీకంలో హోదా. సికందర్ జా అంటే సికందర్ అంతటి హోదా గలవాడు అని బిరుదు. మాసిడోనియాలో బయలుదేరిన ఆ పేరు అరబీలో తల పోగొట్టుకుని, పారశీకంలో బిరుదై, దక్కనులో ఊరై, మన నోట 'సికింద్రాబాదు' అయింది. మీరు రైలు టిక్కెట్టు మీదా, ఉత్తరం కవరు మీదా, రేషను కార్డు మీదా ఇన్నేళ్ళుగా రాస్తున్నది సగం మీ మనవడి పేరే. ఆడపడుచు గారు కూడా ఆ ఊళ్ళోనే ఉంటే ఈ ఒక్క మాట చాలునేమో.

అయితే మన నేల మీద ఈ పేరు అడుగుపెట్టినది నిజాంల కాలంలో కాదు, అంతకు రెండువేల ఏళ్ళకు పైగా ముందు. అశోకుడి పదమూడవ శిలాశాసనం మీకు గుర్తుండవచ్చు. కళింగ యుద్ధంలో జరిగిన ప్రాణనష్టానికి పశ్చాత్తాపపడుతూ, ఇకమీదట ధర్మవిజయమే నిజమైన విజయమని చక్రవర్తి చెప్పుకున్న శాసనం అది. ఆ ధర్మం ఎక్కడెక్కడికి చేరిందో చెబుతూ అతను అయిదుగురు యవన రాజుల పేర్లు వరసగా చెక్కించాడు. వారిలో చివరివాడు 'అలికసుదర'. ఆనాటి రాతలో సున్న తరచూ వదిలేసేవారు గనుక దానిని 'అలికసుందర' అని చదువుతారు. గ్రీసులోని ఎపిరస్ రాజు రెండవ అలెగ్జాండర్ అని కొందరు, కోరింథ్ పాలకుడు అలెగ్జాండర్ అని మరికొందరు అంటారు గాని, పేరు మాత్రం నిస్సందేహంగా మీ మనవడిదే. షాబాజ్‌గఢీ, కాల్సీ శిలల మీద ఈ పేరు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పద్నాలుగు శాసనాల వరుసనే మన కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఉన్న ఎర్రగుడి బండల మీద కూడా చెక్కారు. ఒక యుద్ధం పట్ల పశ్చాత్తాపం చెప్పిన శాసనంలో, ధర్మం చేరిన దేశపు రాజుగా ఈ పేరు మన రాతిలోకి ఎక్కింది. దండయాత్ర చేసిన అలెగ్జాండర్ పేరు అశోకుడి శాసనాల్లో ఎక్కడా లేదు.

అశోకుడి శాసనాలను ఒక్కచోట చేర్చి 1877లో గ్రంథంగా ప్రకటించిన పురావస్తు శాస్త్రజ్ఞుడి పేరు కూడా అలెగ్జాండరే, అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్. 1892లో భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించి, తెలుగు లిపి పూర్వచరిత్ర చెప్పే ప్రతివారూ ప్రస్తావించే ఆ ధాతుపేటికల శాసనాలను వెలికి తీసినవాడు అలెగ్జాండర్ రే. బుద్ధుడి అస్థి అవశేషాలు దాచిన స్ఫటిక భరిణెతో పాటు ఆ రాతి పేటికల అంచుల మీద చెక్కిన అక్షరాలు లేకపోతే, మన లిపి గతం మనకు ఇంత దూరం కనిపించేది కాదు. ఆడపడుచు గారికి అలెగ్జాండర్ అంటే ఒక్కడే గుర్తుకు వస్తే, ఈ ఇద్దరిని కూడా గుర్తు చేయండి.

మిగిలిన లోకంలో ఈ పేరు మోసినవారిని లెక్కపెట్టడం మొదలుపెడితే నా ఉత్తరం ముగియదు గనుక కొందరినే చెబుతాను. స్కాట్లండ్‌ను 12, 13 శతాబ్దాల్లో ముగ్గురు అలెగ్జాండర్లు పాలించారు, ఆ తరువాత అది అక్కడ ప్రతి ఊళ్ళోనూ వినిపించే పేరయింది. టెలిఫోన్ గ్రాహం బెల్, పెన్సిలిన్ ఫ్లెమింగ్ ఇద్దరూ ఆ దేశపు అలెగ్జాండర్లే. 1928లో ఫ్లెమింగ్ కనిపెట్టిన మందు ఎన్ని ప్రాణాలను నిలిపిందో తలుచుకుంటే, మనుషులను కాపాడేవాడన్న అర్థం అతనిలో పూర్తిగా నెరవేరింది. ఇటలీలో అలెస్సాండ్రో అంటారు. 1800లో మొదటి బ్యాటరీ తయారుచేసిన వోల్టా పేరు అది, మన ఇంటి కరెంటును కొలిచే వోల్టు అతని ఇంటి పేరే. రష్యాలో పుష్కిన్ అలెక్సాందర్, 1861లో అర్ధబానిసత్వం నుంచి రైతులను విడిపించిన చక్రవర్తి కూడా అలెక్సాందరే, ముద్దుగా వాళ్ళు సాషా అంటారు. హంగరీలో షాందోర్, స్పెయిన్‌లో అలెహాంద్రో. యూదుల్లో సెందర్ అన్న రూపం ఉంది. వారి కథ ఒకటి నాకు చాలా ఇష్టం: జెరూసలేం ఆలయంలో తన విగ్రహం పెట్టమని అలెగ్జాండర్ అడిగితే, విగ్రహం మా ధర్మానికి ఒప్పదు, దానికి బదులు ఈ ఏడు పుట్టే మా పూజారుల మగపిల్లలందరికీ నీ పేరు పెడతామని ప్రధాన యాజకుడు అన్నాడట. అది చరిత్ర కాకపోవచ్చు, కాని పరాయి పేరు ఒక జాతి ఇళ్ళలోకి గౌరవంగా ఎలా వచ్చిందో చెప్పుకోవడానికి వారు అల్లుకున్న మంచి కథ. ఇక గ్రీసులో, మీ వియ్యంకుల దేశంలో, 1821 స్వాతంత్ర్య పోరాటానికి మొదటి జెండా ఎత్తిన ఇప్సిలాందిస్, స్కియాథోస్ ద్వీపపు బీదల బతుకులను కథలుగా రాసిన పాపదియమాందిస్ ఇద్దరూ అలెక్సంద్రోస్‌లే.

ఇప్పుడు రాత సంగతి. మన పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'అలెగ్జాండర్' ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి వచ్చినది. గ్రీకులో ఆ అక్షరం మూర్ధన్యమైన 'డ' కాదు, పళ్ళ దగ్గర పలికే అక్షరం. నేటి గ్రీకులు దానిని మన 'ద' కు దగ్గరగా, కాస్త మెత్తగా పలుకుతారు. 'గ్జ' కూడా కాదు, 'క్స'. విచిత్రమేమిటంటే మన తెలుగు బైబిలు దీనిని ఏనాడో సరిగ్గా పట్టుకుంది. సిలువ మోసిన కురేనీయుడైన సీమోనును మార్కు సువార్త అలెక్సంద్రునకును రూఫునకును తండ్రి అని పరిచయం చేస్తుంది. మూల గ్రీకును దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ 'అలెక్సంద్రు' లో ద ఉంది, క్స ఉంది, చివర గ్రీకు ప్రథమా విభక్తి ప్రత్యయం తీసేసి మన ఉకారం చేర్చారు. అంతకంటే చక్కటి తెలుగు రూపం నాకు తెలియదు. కాని పిల్లవాడి పేరు కాగితాల మీద అలెక్సంద్రోస్ అని ఉంటుంది గనుక, తాతగారి పేరూ అదే గనుక, బారసాల నాడు మీ అల్లుడి చేత పళ్ళెంలో బియ్యం మీద 'అలెక్సంద్రోస్' అనే రాయించండి. అతను తెలుగు రాయలేడని సంకోచించవద్దు. మీ అమ్మాయి చేయి పట్టి రాయిస్తుంది. 'క్స' కు క కింద స వత్తు, 'న్' బదులు సున్న, 'ద్రో' కు ద కింద క్రావడి. ఉంగరంతో బియ్యంలో గీయడానికి అయిదు అక్షరాలు: అ, లె, క్సం, ద్రో, స్.

పిలుపులో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. మనం రాముణ్ణి రామా అనీ, కృష్ణుణ్ణి కృష్ణా అనీ పిలిచినట్టు, గ్రీకులకూ పిలుపుకు వేరే విభక్తి ఉంది. 'ఓస్' తో ముగిసే ఈ పేరు పిలిచేటప్పుడు 'ఎ' తో ముగుస్తుంది. మీరు అలవాటుగా 'అలెక్సంద్రా' అని పిలిస్తే అక్కడివాళ్ళకు అది ఆడపిల్ల పేరుగా వినిపిస్తుంది. 'అలెక్సంద్రే' అని పిలవండి, 'లె' మీద కొంచెం ఒత్తి. వియ్యంకుడు గారు ఫోనులో వింటే ఇంటి మనిషి పిలిచినట్టు ఉంటుంది. ముద్దుపేరు కావాలంటే గ్రీకులు అలేకోస్ అంటారు, అలెక్సిస్ అంటారు. అలెక్స్ అన్నదైతే ఎక్కడైనా చెల్లుతుంది. బారసాలలో తెలుగు పేరు కూడా ఒకటి చెప్పాలని మీకు ఉంటే, అర్థం కలుస్తుందని 'రక్షిత్' అని పెడదామని ఎవరైనా సూచించవచ్చు. రక్షితుడంటే రక్షింపబడినవాడు, రక్షించేవాడు కాదు. మీకు కావలసినది 'రక్షక్' లేదా 'నరేంద్ర' లాంటి నర శబ్దం ఉన్న పేరు. వీటిలో నర శబ్దంతో ఉన్నదే నాకు నచ్చుతుంది, ఎందుకంటే అందులో తాతగారి గ్రీకు 'అంద్రోస్' కూడా నిజంగానే ఉంది.

మరొక సంగతి, ఇది మీ వియ్యంకులు చెప్పే ఉంటారు. గ్రీకులకు పుట్టినరోజు కంటే నామదినం పెద్ద పండుగ. ఆ పేరు గల పునీతుణ్ణి స్మరించే రోజున ఆ పేరువాళ్ళందరికీ బంధువులు శుభాకాంక్షలు చెబుతారు. అలెక్సంద్రోస్‌లకు ఆ రోజు ఆగస్టు 30. ఆనాడు మీరు మెల్‌బోర్న్‌కు ఫోను చేసి, తాతామనవళ్ళిద్దరికీ 'ఖ్రోన్యా పొల్లా' అనండి; అంటే 'చాలా ఏళ్ళు' అని, మన 'నూరేళ్ళు' లాంటిదే. ముందు తాతగారికి చెప్పి, ఆ తరువాత పిల్లవాడి చెవి దగ్గర ఫోను పెట్టమని మీ అమ్మాయితో అనండి.